ఫ్రీలాన్స్ పనికి ఎంత అడగాలి?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి ఏడేళ్లుగా హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాడు. నెలకి లక్ష చేతికొస్తుంది. ఈమధ్య తెలిసినవాళ్ల కోల్డ్ స్టోరేజీకి ఒక ప్రోగ్రాం 40 వేలకి ఒప్పుకున్నాడు. నాలుగు నెలలుగా శని, ఆదివారాలు దానికే పోతున్నాయి, ఇంకా అవలేదు. అయినా ఉద్యోగం మానేసి సొంతంగా చేస్తానంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇందులో నిజంగా డబ్బుందా? పనులు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: నమస్కారమండీ. డబ్బుంది. మీవాడు వేసిన లెక్కలో మాత్రం లేదు. లక్ష జీతాన్ని 22 రోజులతో భాగిస్తే రోజుకి నాలుగున్నర వేలు. తొమ్మిది రోజుల పని అనుకుని 40 వేలు చెప్పి ఉంటాడు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు.

ఏడాదిలో శని, ఆదివారాలు 104 పోతాయి. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు కలిపి ఇంకో 35 తీసేస్తే 226 రోజులు మిగులుతాయి. వాటిలో దాదాపు సగం పని వెతుక్కోవడానికి, మాట్లాడుకోవడానికి, డబ్బు వసూలు చేసుకోవడానికే సరిపోతుంది. బిల్లు వేయగలిగేవి 120 అనుకోండి. పీఎఫ్, ఆరోగ్య బీమా, జీతంతో కూడిన సెలవులు ఇక ఎవరూ ఇవ్వరు కాబట్టి 12 లక్షల బదులు 18 లక్షలు రావాలి. అంటే రోజుకి 15 వేలు. ఇది అత్యాశ కాదండీ, ఇప్పుడున్నట్టు బతకడానికి కావలసిన అంకె.

ఈ అంకె తన దగ్గరే ఉంచుకోవాలి. రోజు రేటు చెప్పగానే బేరం మొదలవుతుంది. క్లయింటుతో మాట్లాడాల్సింది అతనికి పోతున్న డబ్బు గురించి. ఆ కోల్డ్ స్టోరేజీనే తీసుకోండి. మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగగానే గుమాస్తా రైతు పేరు, లాటు నంబరు, ఏ గదిలో పెట్టారో రాసుకుంటాడు. ఒక్క అంకె తారుమారైతే ఒకరి సరుకు ఇంకొకరి లారీ ఎక్కుతుంది. ఆ గొడవ తీర్చడానికి కిందటి సీజన్లో ఎంత కట్టారో, అద్దె ఎంత వదులుకున్నారో యజమానిని అడగమనండి. ఆయన నోటితోనే ఆరు లక్షలని వస్తే, దాన్ని ఆపే పనికి లక్షన్నర అడగడానికి మొహమాటం దేనికి? ఆయన దగ్గర పోయేది పాతిక వేలే అయితే మాత్రం ఆ పని ఒప్పుకోకపోవడమే మంచిది.

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు విజయవాడలో ఒక చిన్న ఆసుపత్రికి బిల్లింగ్ ప్రోగ్రాం రాశాను. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. ‘ఇంకొక్క చిన్న మార్పు’ అంటూ ఏడు నెలలు తిప్పారు, చివరి వాయిదా ఇప్పటికీ రాలేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఏం చేస్తాడో, ఏం చేయడో ఒక పేజీలో రాసి సంతకం పెట్టించుకోవాలి. 40 శాతం అడ్వాన్సు పడ్డాకే పని మొదలుపెట్టాలి. కొత్తగా అడిగే ప్రతిదానికీ వేరే ధర ఉండాలి. పెద్ద పనైతే ముందు వారం రోజుల పరిశీలనకే ఫీజు తీసుకోవాలి. దానికే డబ్బివ్వనివాళ్లు తర్వాత ఇస్తారని నేను నమ్మను.

ఇక పనులు. తక్కువకి పాడినవాడికి పని దక్కే వెబ్‌సైట్లలో మొదలుపెట్టొద్దు. తనతో పనిచేసి వేరే కంపెనీలకి మారిన మేనేజర్లు, సహోద్యోగులే మొదటి దారి, వాళ్లు తన పని కళ్లారా చూశారు. రెండోది, మీ బ్రాడీపేట, అరండల్‌పేటల్లోని ఆడిటర్లు. ఎవరి స్టాకు లెక్క కలవదో, ఎవరి బిల్లులు ట్యాలీకి (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌కి) ఎక్కవో వాళ్లకే ముందు తెలుస్తుంది. వాళ్ల దగ్గర ‘అన్ని రకాల సాఫ్ట్‌వేర్ చేస్తాను’ అంటే ఎవరికీ గుర్తుండదు. ‘గోదాము లెక్కలు ట్యాలీతో కలుపుతాను’ అంటే గుర్తుంటుంది.

పన్నుల సంగతి ఆ ఆడిటరునే అడగొచ్చు. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. విదేశీ క్లయింట్ల డబ్బు కూడా ఆ 20 లక్షల్లోకే వస్తుంది. చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, వెంటనే చేయించండి. అది ఉంటే, ఒప్పందంలో ఇంకా ఎక్కువ గడువు రాసుకున్నా సరే, కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే వడ్డీ అడిగే హక్కు చట్టమే ఇస్తుంది.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. బయటి పనులు చేయొచ్చో లేదో ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవమనండి, కుదరదని ఉంటే కంపెనీని అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఎనిమిది నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండి, అడ్వాన్సు ఇచ్చిన క్లయింట్లు ఇద్దరు చేతిలో ఉన్నప్పుడు రాజీనామా గురించి మాట్లాడుకుందాం. ఈలోగా ఆ 40 వేల పనిలో మొదట అనుకున్నంతవరకు పూర్తి చేసి అప్పగించమనండి. మిగిలిన మార్పులన్నీ ఒక కాగితం మీద ధరతో సహా రాసుకుని, కొత్త మిర్చి దిగకముందే యజమాని దగ్గర కూర్చోవాలి.