పోప్ లేని రోజుల వెండి నాణెం కొనేముందు

చిరంజీవి రఘుకి, ఆశీస్సులు.

సెదె వకాంతె నాణేలు, అంటే పోప్ గద్దె ఖాళీగా ఉన్న రోజుల్లో వేసినవి, కూడబెడదామనుకుంటే 1939 నాటి పది లీరాతో మొదలుపెట్టు. ఒక పోప్ పోయాక ఇంకొకరు ఎన్నికయ్యేదాకా వ్యవహారాలు చూసే కామెర్లెంగో కార్డినల్ హయాంలో వేసినవివి. వీటిలో పోప్ ముఖం వెతక్కు. కార్డినల్ కుచ్చుల టోపీ, ఆయన కుటుంబ చిహ్నం, గొడుగు, ఒకదానిమీదొకటి అడ్డంగా పెట్టిన రెండు తాళంచెవులు చూడు. వెనకవైపు చాలావాటికి కిరణాల నడుమ పావురం ఉంటుంది.

చిహ్నం ఒక్కటే చూసి ఏడాది తేల్చెయ్యకు. 1829, 1830 రెండింటికీ కామెర్లెంగో గల్లెఫీయే. 1958, 1963 రెండింటికీ అలోయిసి మసెల్లా. రోమన్ అంకెలు ఓపిగ్గా చదవాల్సిందే. 1939 నాటిది అప్పటి కామెర్లెంగో పాచెల్లి చిహ్నం, ఆయనే మార్చి 2న పన్నెండో పయస్ అయ్యాడు. కాబట్టి అదే చిహ్నం మీద పోప్ మూడంతస్తుల కిరీటం కనిపిస్తే అది మనకు కావలసింది కాదు.

ఇక తూకం. 0.01 గ్రాము చూపే కాటా కొను. పది లీరా 10 గ్రాములు, ఐదు లీరా 5, వెండి వెయ్యికి 835 పాళ్లు. 1835కి ముందటి స్కూడో (పోపుల పాత పెద్ద వెండి నాణెం) సుమారు 26.4 గ్రాములు, 917 పాళ్లు. అరిగినది కాస్త తగ్గుతుంది, బాగా తగ్గితే అనుమానించు.

తూకం సరిపోయినా నీళ్ల పరీక్ష చెయ్యి. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చెయ్యి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగు తగలకుండా, గాలిబుడగలు లేకుండా ముంచు. పది లీరాకి 0.98, స్కూడోకి 2.55 గ్రాముల దగ్గర చూపాలి. ఇత్తడిదైతే పది లీరాకి 1.17 దాకా పోతుంది. ఐదు లీరాకి ఈ పరీక్ష నమ్మలేం, ఒక్క బుడగ చాలు లెక్క తప్పడానికి. తీశాక మెత్తని గుడ్డతో అద్దు, రుద్దకు.

అసలు మోసమంతా అంచులోనే. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తుంది, మీద చిన్న చిన్న గుంటలుంటాయి. పెద్ద స్కూడోలను లాకెట్లుగా వేసుకున్నవాళ్లూ ఉన్నారు. కొక్కెం పీకేసి ఆకురాయి పట్టిన చోటు, పూడ్చిన చిల్లు పదిరెట్ల భూతద్దంలో దొరికిపోతాయి.

విభూదితోనో చింతపండుతోనో తోమావంటే విలువ సగం పోయినట్టే. నల్లదనం ఉండనీ. పీవీసీ ప్లాస్టిక్ కవర్ల పచ్చటి జిగురు అంటితే స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచు, నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు. మైలార్ (పాలియెస్టర్) కవర్లో దాచు.

అమ్మేవాడు అంచు ఫొటో పంపనంటే బేరం అక్కడితో ఆపెయ్.

— మామయ్య