తిరగని పాత హార్డ్ డిస్క్

ప్రశ్న: నాన్నగారి కాలం నాటి 20 మెగాబైట్ల సీగేట్ ఎస్‌టీ-225 హార్డ్ డిస్క్ కరెంటు ఇచ్చినా తిరగడం లేదు. మూత విప్పి చూడవచ్చా?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: మూత మాత్రం విప్పకండి, లోపల పడిన ధూళి రేణువు సైతం అయస్కాంత పూతను గీసేస్తుంది. ముందుగా 5, 12 వోల్టులు సరిగ్గా అందుతున్నాయో లేదో మల్టీమీటరుతో చూసి, మన ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. ఏళ్ల తరబడి కదలని డిస్కులో హెడ్లు (డేటాను చదివి, రాసే భాగాలు) పళ్లేనికి, అంటే డేటా ఉండే తిరిగే బిళ్లకు, అతుక్కుపోవడం మామూలే కనుక, కరెంటు ఆపి, డిస్కును బల్లపరుపుగా పట్టుకొని కుడిఎడమలకు సున్నితంగా తిప్పి చూడండి. తిరిగిందా, ఫార్మాట్ జోలికి పోకుండా నాన్నగారి ఫైళ్లను వెంటనే కాపీ చేసుకోండి. ఈ మోడల్ హెడ్లు వాటంతట అవి పార్క్ కావు, అంటే డేటా లేని సురక్షితమైన చోటికి చేరవు; ఆపే ముందు ప్రతిసారీ పార్క్ ప్రోగ్రామును నడపాలి. ఆపైన సిలికా జెల్‌తో గాలి చొరబడని డబ్బాలో భద్రపరచండి.