దాతోంగ్‌లో గుహలు మాత్రమే చూసి వచ్చేయకండి

బీజింగ్‌లో ఉద్యోగానికి వెళ్తున్నాను, దాతోంగ్‌లో యున్‌గాంగ్ బౌద్ధ గుహలు కాకుండా ఇంకేమైనా ఉందా అని ఒకరు అడిగారు. చాలా ఉంది. చైనాలో పనిచేసిన రోజుల్లో నాకు బాగా నచ్చిన ఊరది.

దాతోంగ్ చైనాలోని షాన్‌షీ రాష్ట్రానికి ఉత్తరపు కొస. అది దాటితే ఇన్నర్ మంగోలియా గడ్డి మైదానాలే. అందుకే అటునుంచి వచ్చిన తోబా తెగ పాలకులు 398లో దీన్ని రాజధాని చేసుకున్నారు. అప్పటి పేరు పింగ్‌చెంగ్. 446లో వాళ్ల చక్రవర్తే బౌద్ధాన్ని అణిచేశాడు. మనవడు పట్టాభిషేకం అయ్యాక మళ్లీ ఆదరించాడు. 460 ప్రాంతంలో తాన్‌యావ్ అనే భిక్షువు యున్‌గాంగ్ కొండలో తొలి అయిదు గుహలు తొలిపించాడు. 20వ గుహ ముందు గోడ ఎప్పుడో కూలిపోయింది. పద్నాలుగు మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున్న బుద్ధుడు ఇప్పుడు ఎండలోనే కూర్చుని ఉంటాడు. దగ్గరికెళ్లి చూడండి, ఒంటినిండా చిన్న చిన్న రంధ్రాలు. తర్వాతి కాలంలో మట్టిపూత నిలవడానికి కర్రమేకులు దిగ్గొట్టిన చోట్లవి. 494లో రాజధాని లోయాంగ్‌కి వెళ్లిపోయింది.

ఆ కొండ కిందే బొగ్గు! నది అవతల జిన్‌హువాగోంగ్ గని. గుహల ముందునుంచే బొగ్గు లారీలు పోయే రోజుల్లో ఆ దుమ్మంతా విగ్రహాల మీద పడేది. 1998లో రోడ్డు మళ్లించారు. ఈ బొగ్గును సముద్రం దాకా మోయడానికే 653 కిలోమీటర్ల దాచిన్ రైలు మార్గం వేశారు, దాని మీద 20,000 టన్నుల రైళ్లు నడుస్తాయి. సింగరేణి ఊళ్లు తెలిసినవాళ్లకి చలికాలంలో అక్కడి గాలి వాసన వెంటనే గుర్తుపట్టేలా ఉంటుంది. దాతోంగ్‌లోని రైలు ఇంజన్ల కర్మాగారం 1988 దాకా ఆవిరి ఇంజన్లు తయారుచేసింది. గుహలు చూసి గని వైపు పోకపోతే ఊరు సగమే తెలిసినట్టు.

ఊరి మధ్యనున్న కోటగోడ మాత్రం మింగ్ రాజవంశ కాలపు గోడ చుట్టూ 2008 తర్వాత కొత్తగా కట్టింది. చూడ్డానికి గంభీరంగానే ఉంది. కానీ దానికోసం పాత ఇళ్లు కూల్చి ఎన్నో కుటుంబాల్ని ఖాళీ చేయించారు, అది నాకు మింగుడుపడదు. ఆ సమయం హువాయన్ ఆలయానికి ఇవ్వండి. అందులో 1038లో కట్టిన మందిరం, గోడల పొడవునా గ్రంథాల చెక్క అల్మారాలు. పళ్లు కనిపించేలా నవ్వే ఒక బోధిసత్వుడి విగ్రహం ఉంది, దాన్ని వదలకండి.

తిండికి కత్తితో చెక్కే నూడుల్స్. వంటవాడు పిండిముద్దను చేతిమీద పెట్టుకుని, వంకీ తిరిగిన బ్లేడుతో చర్రుచర్రున మరిగే నీళ్లలోకి చెక్కుతాడు. పైన వేసేది ఎక్కువగా పంది మాంసమే, తిననివాళ్లు ముందే చెప్పాలి. టేబుల్ మీదుండే షాన్‌షీ వెనిగర్ కాస్త పోసుకోండి.

2019 చివర్లో హైస్పీడ్ రైలు వచ్చాక బీజింగ్ నుంచి రెండు గంటలలోపే. జనవరిలో వెళ్తే మాత్రం రాత్రిపూట మైనస్ 15 ఉంటుంది, మంచి కోటు కొనుక్కోండి.