గోడౌన్ రేకులకు కోటింగా, కొత్త రేకులా?

ఆటోనగర్ గోడౌన్ రేకులు తుప్పు పట్టి కారుతున్నాయి, కోటింగ్ చాలా, మార్చేయాలా అని అడిగారు కదండీ. పైకి ఎక్కకండి, తుప్పు రేకు కాలి కింద విరగొచ్చు. పగటిపూట లోపల లైట్లు ఆపి చూడండి. వెలుగు చుక్కలు స్క్రూల దగ్గరే కనిపిస్తే రబ్బరు వాషర్లు ఎండిపోయాయన్నమాట, అవి మారిస్తే చాలావరకు ఆగుతుంది. రేకు మధ్యలో కూడా జల్లెడలా ఉంటే కోటింగ్ దండగ.

తుప్పు పైపైనే అయితే కోటింగ్ వేయించండి. కానీ ముందు తుప్పు గీకి, ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. మన విశాఖ సముద్రపు గాలికి అదే అసలు పని, చాలామంది ఎగ్గొట్టేదీ అదే. తర్వాత పూర్తిగా ఆరాకే ప్రైమర్, అంటే కోటింగ్ కింద వేసే మొదటి పూత.

కోటింగ్ రేకుకి బలం ఇవ్వదు. 2014 హుద్‌హుద్ తుఫాను లాంటి గాలొస్తే రేకుల్ని ఆపేది పర్లిన్లు (రేకుల కింద వాటిని మోసే అడ్డ కమ్మీలు), స్క్రూలే. పర్లిన్లను తుప్పు తినేసి ఉంటే మార్చడమే, బేరమాడొద్దు.