దేవుని ఎదుట ప్రమాణం చేసుకుంటే వివాహం అయినట్టేనా?

సందేహం: నేను, నేను ప్రేమించిన వ్యక్తి ఇద్దరం క్రైస్తవులం. నాకు 24 ఏళ్లు, ఆయనకు 27. ఏడాది క్రితం మేమిద్దరమే మోకరించి ప్రార్థన చేసుకుని, జీవితాంతం భార్యాభర్తలుగా ఉంటామని బైబిలు మీద ప్రమాణం చేసుకున్నాం. అప్పటి నుంచి దంపతులుగానే ఉంటున్నాం. ఇళ్లలో గాని, సంఘంలో గాని ఎవరికీ చెప్పలేదు. అందరి ముందు పెళ్లి చేసుకుందామంటే, ఆదాము హవ్వలకు రిజిస్ట్రారు ఎవరని, దేవుడు జతపరచిన దానికి ప్రభుత్వ ముద్ర ఎందుకని ఆయన అడుగుతున్నారు. మరీ అంతగా కావాలంటే ఇళ్లలో ప్రార్థన కూడికలు నడిపే తన స్నేహితుడి చేత ప్రార్థన చేయిస్తానంటున్నారు. చట్టం దృష్టిలో మాది పెళ్లేనా? కాకపోతే మేము నేరం చేస్తున్నట్టా? దేవుని దృష్టిలో పాపంలో ఉన్నట్టా?

సలహా: మీ ప్రశ్నల్లో మొదటి రెండూ చట్టానికి సంబంధించినవి కాబట్టి వాటికి సూటిగానే జవాబు చెప్పవచ్చు. మీ ఇద్దరి మధ్య జరిగినది మన దేశ చట్టం ప్రకారం వివాహం కాదు. అయితే మీరు కలిసి ఉండటం నేరం కూడా కాదు. మూడో ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మీ సంఘ కాపరి, మీ మనస్సాక్షి. అయినా ఆయన బైబిలునే ఆధారంగా చూపి చట్టాన్ని పక్కన పెడుతున్నారు గనుక, ఆ ఆధారం ఎంతవరకు నిలుస్తుందో కూడా ఇక్కడే చూడటం మంచిది.

వధూవరులలో ఒక్కరు క్రైస్తవులైనా, క్రైస్తవ పద్ధతిలో జరిగే వివాహానికి వర్తించేది భారత క్రైస్తవ వివాహ చట్టం, 1872. ఆ చట్టంలో చెప్పిన విధంగా కాకుండా మరోలా జరిగిన అటువంటి వివాహం చెల్లదని 4వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. వివాహం జరిపించే అధికారం ఎవరెవరికి ఉందో 5వ సెక్షన్ చెబుతుంది: బిషప్ చేత అభిషేకం పొందిన గురువులు, స్కాట్లాండ్ సంఘపు గురువులు, వివాహాలు జరిపేందుకు ఈ చట్టం కింద లైసెన్సు పొందిన పాస్టర్లు, మ్యారేజ్ రిజిస్ట్రార్లు, భారతీయ క్రైస్తవుల వివాహాలకు సర్టిఫికెట్ ఇచ్చేందుకు లైసెన్సు పొందిన వ్యక్తులు. ఈ జాబితాలో వధూవరులు తామే ఒకరికొకరు పెళ్లి చేసుకునే వీలు ఎక్కడా లేదు. అధికారం ఉన్న వ్యక్తితో పాటు కనీసం ఇద్దరు సాక్షులు కూడా ఉండాలి.

ఆయన ప్రభుత్వ ముద్ర గురించి అడిగిన ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. వివాహం జరగడం ఒకటి, జరిగిన వివాహాన్ని నమోదు చేయడం మరొకటి. అధికారం ఉన్న వ్యక్తి చట్టప్రకారం జరిపించిన వివాహానికి నోటీసులో లోపం ఉన్నా, సమయం, స్థలం విషయంలో పొరపాటు జరిగినా, చివరకు రిజిస్టరులో నమోదు సరిగా లేకపోయినా, అంతమాత్రాన ఆ వివాహం చెల్లకుండా పోదని 77వ సెక్షన్ చెబుతోంది. అన్ని మతాల వారి వివాహాలకూ నమోదు తప్పనిసరి కావాలని 2006లో సీమా వర్సెస్ అశ్వినీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది గాని, నమోదే వివాహమని చెప్పలేదు. కాబట్టి మీ విషయంలో ముద్ర లేకపోవడం అసలు లోపం కాదు, వివాహం జరగకపోవడమే లోపం.

ఇదే చట్టంలోని 60వ సెక్షన్‌ను ఆయనకు చదివి వినిపించమని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఈ భాగం రోమన్ కాథలిక్కులకు వర్తించదు. తక్కిన భారతీయ క్రైస్తవులకు వర్తిస్తుంది. వరుడికి 21, వధువుకు 18 ఏళ్లు నిండి ఉండాలని, ఇద్దరిలో ఎవరికీ జీవించి ఉన్న భార్య గాని భర్త గాని ఉండకూడదని చెప్పిన తరువాత, లైసెన్సు ఉన్న వ్యక్తి ముందు, నమ్మదగిన మరో ఇద్దరు సాక్షుల ముందు వధూవరులు ఒకరితో ఒకరు పలకవలసిన మాటలను ఆ సెక్షనే నిర్దేశించింది. సర్వశక్తిమంతుడైన దేవుని సన్నిధిలో, మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా, లేదా భర్తగా, స్వీకరిస్తున్నానని, ఇందుకు ఇక్కడున్న వారిని సాక్షులుగా కోరుతున్నానని ఆ మాటల భావం. దేవుని ఎదుట ప్రమాణం చేయాలన్న మీ కోరికను చట్టం కాదనడం లేదు, అదే ప్రమాణాన్ని తన పాఠంలోనే రాసి ఉంచింది. అదనంగా అడుగుతున్నదల్లా ఆ మాటలు ఇంకొందరు వినాలనే.

స్నేహితుడి చేత ప్రార్థన చేయించే ఆలోచన మాత్రం మానుకోండి. 5వ సెక్షన్ కింద అధికారం లేని వ్యక్తి క్రైస్తవులకు పెళ్లి జరిపిస్తే, 68వ సెక్షన్ ప్రకారం పదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడవచ్చు. మంచి మనసుతో మీకోసం ప్రార్థించిన మనిషి శిక్షకు గురికావచ్చు, మీకు మాత్రం చెల్లుబాటయ్యే వివాహం దక్కదు. అధికారం లేకపోవడం 77వ సెక్షన్ క్షమించే లోపాల్లో లేదు. వాక్యం చక్కగా చెప్పే ప్రతి ఒక్కరికీ మ్యారేజ్ లైసెన్సు ఉంటుందని అనుకోవద్దు. ఏ పాస్టరు దగ్గరికి వెళ్లినా ముందుగా లైసెన్సు చూపమని మర్యాదగా అడగండి. అది అవిశ్వాసం కాదు, మీ హక్కు.

ఇక నేరమా అన్న ప్రశ్న. ఇద్దరు మేజర్లు ఇష్టపూర్వకంగా, వివాహం లేకుండా శారీరక సంబంధం కలిగి ఉండటం మన దేశంలో నేరం కాదు. 2010లో ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండని వారి విషయం వేరు. అక్కడ పోక్సో చట్టం, 2012 ప్రకారం సమ్మతికి విలువ లేదు. మీ ఇద్దరికీ ఆ సమస్య లేదు. అయితే నేరం కాదన్న మాటకు ఒక హద్దు ఉంది. నెరవేర్చే ఉద్దేశం మొదటి నుంచీ లేకుండా పెళ్లి చేసుకుంటానని మాట ఇచ్చి, ఆ మాటతో శారీరక సంబంధం పెట్టుకోవడం నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత, 2023లోని 69వ సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్షార్హం. చట్టబద్ధంగా పెళ్లయిందని స్త్రీని మోసంతో నమ్మించి కాపురం చేయడం అదే సంహితలోని 81వ సెక్షన్ కింద నేరం. ఇచ్చిన మాట తరువాత తప్పడం వేరు, మొదటి నుంచే మోసపు ఉద్దేశంతో మాట ఇవ్వడం వేరు అని సుప్రీంకోర్టు పలుమార్లు తేడా చూపింది. మీరు రాసిన దాన్నిబట్టి ఆయన మోసం చేశారని నేను అనను, అలా అనడానికి తగిన ఆధారం మీ ఉత్తరంలో లేదు. ఈ సెక్షన్లను బెదిరింపుగా వాడవద్దని కూడా చెబుతున్నాను.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది శిక్ష కాదు, మీకు రక్షణ లేకపోవడం. రేపు ఆయన మరొకరిని పెళ్లి చేసుకుంటే రెండో పెళ్లి నేరం కింద మీరు ఫిర్యాదు చేయలేరు, ఎందుకంటే ఆ నేరం నిలబడాలంటే మొదటి వివాహం చెల్లుబాటైనదై ఉండాలి. ఆయనకు ఏదైనా జరిగితే, భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం క్రైస్తవ వితంతువుకు పిల్లలుంటే మూడో వంతు, పిల్లలు లేక ఇతర రక్తసంబంధీకులు ఉంటే సగం ఆస్తి వస్తుంది గాని, వితంతువు అనిపించుకోవాలంటే ముందు భార్య అయి ఉండాలి. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005 వివాహం వంటి సంబంధాన్ని కూడా గుర్తిస్తుంది కదా అని మీకు తోచవచ్చు. కాని ఆ జంట సమాజం ముందు తమను దంపతులుగా చూపుకొని ఉండాలని 2010లో డి. వేలుసామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఇంట్లో వారికి, సంఘంలో వారికి కూడా చెప్పలేదు. ఎవరికీ తెలియకుండా ఉంచిన ఆ రహస్యమే మీకు మిగిలిన ఆ కాస్త ఆసరాను కూడా బలహీనం చేస్తుంది.

బిడ్డ పుడితే, భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్ కింద తండ్రి నుంచి పోషణ ఖర్చులు కోరే హక్కు ఆ బిడ్డకు ఉంటుంది, తల్లిదండ్రులకు పెళ్లి కాలేదన్నది అందుకు అడ్డు కాదు. వారసత్వం దగ్గర మాత్రం చిక్కు వస్తుంది. చెల్లని వివాహం వల్ల పుట్టిన పిల్లలకు హిందూ వివాహ చట్టంలోని 16వ సెక్షన్ ఇచ్చినంత స్పష్టమైన రక్షణ 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టంలో లేదు. ఇది మారవలసిన విషయమని నా అభిప్రాయం. మారేవరకు మాత్రం ఆ భారం ఏ తప్పూ చేయని పిల్లల మీద పడుతుంది.

ఇప్పుడు ఆయన చూపుతున్న ఆధారానికి వద్దాం. ఇద్దరూ ఏకమైతే అదే దేవుని దృష్టిలో వివాహమని వాదించేవారు ఆదికాండము 2వ అధ్యాయాన్ని చూపుతారు. అదే బైబిలులో నిర్గమకాండము 22వ అధ్యాయం 16, 17 వచనాలు చదవండి. నిశ్చితార్థం కాని కన్యతో శయనించినవాడు ఓలి, అంటే కన్యాశుల్కం, ఇచ్చి ఆమెను పెళ్లాడాలని, ఆమె తండ్రి ఒప్పుకోకపోతే ఓలి సొమ్ము మాత్రం చెల్లించాలని అక్కడ ఉంది. కలయికే వివాహమైతే తండ్రికి కాదనే అవకాశమే ఉండదు. సమరయ స్త్రీతో యేసు ప్రభువు ‘ఇప్పుడు ఉన్నవాడు నీ పెనిమిటి కాడు’ అన్న మాట యోహాను సువార్త 4వ అధ్యాయంలో ఉంది. ఒక పురుషుడితో ఉండటం, అతని భార్య కావడం ఒకటి కావని ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. మొదటి కొరింథీ పత్రిక 7వ అధ్యాయంలో పౌలు, నిగ్రహం లేనివారు పెళ్లి చేసుకోవాలని చెప్పాడే గాని, కలిసి ఉంటే చాలని చెప్పలేదు. ‘వివాహము అన్ని విషయములలో ఘనమైనది’గా ఉండాలన్న హెబ్రీ పత్రిక మాటను కూడా సంఘాలు ఇదే భావంతో బోధిస్తూ వచ్చాయి. వివాహానికి ముందు శారీరక సంబంధం తగదన్న విషయంలో కాథలిక్, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంట్ సంఘాల సంప్రదాయ బోధ ఒక్కటే. దేశ చట్టం శిక్షించనిదంతా సంఘం సమ్మతించినట్టు కాదు. సంఘం పాపమన్నదంతా చట్టం నేరమనదు.

ప్రభుత్వానికి లోబడటం గురించి రోమా పత్రిక 13వ అధ్యాయం ‘ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను’ అంటుంది. దీనికి మినహాయింపుగా చాలామంది అపొస్తలుల కార్యములు 5:29ని చూపుతారు. అక్కడ అధికారులు యేసు నామమున బోధించవద్దని ఆజ్ఞాపించారు, అంటే దేవుడు చేయమన్నదాన్ని మానమన్నారు. అటువంటి సందర్భంలో మనుషులకంటే దేవునికే లోబడాలని పేతురు, తక్కిన అపొస్తలులు జవాబిచ్చారు. వివాహ చట్టం మిమ్మల్ని దేవుడు చేయమన్నది ఏదీ మానమనడం లేదు, వద్దన్నది ఏదీ చేయమనడం లేదు. సాక్షులను తెచ్చుకొమ్మని అడిగే చట్టాన్ని విశ్వాసం పేరుతో కాదనడానికి ఆ వచనం ఆధారం కాజాలదు.

ఆదాము హవ్వలకు రిజిస్ట్రారు లేడన్నది నిజమే. అయితే రహస్య ప్రమాణాల వల్ల కలిగే కీడు సంఘానికే బాగా తెలుసు. పాశ్చాత్య దేశాల్లో శతాబ్దాల పాటు ఇద్దరి మధ్య జరిగిన రహస్య సమ్మతిని కూడా చెల్లే వివాహంగానే సంఘం పరిగణించింది. తరువాత ఒకరు కాదంటే నిరూపించడానికి ఎవరూ ఉండేవారు కాదు. ఒకరితో రహస్యంగా ప్రమాణం చేసినవారు మరొకరిని బహిరంగంగా పెళ్లాడేవారు. అందుకే 1563లో కాథలిక్ సంఘపు ట్రెంట్ మహాసభ, విచారణ గురువు (స్థానిక సంఘ గురువు), సాక్షులు లేని వివాహం చెల్లదని నిర్ణయించింది. సాక్షులు కావాలన్నది ప్రభుత్వం విశ్వాసుల మీద రుద్దిన నిబంధన అనుకోవడం సరికాదు.

మీరు చేయవలసినది పెద్ద కష్టమైనదేమీ కాదు. మీ సంఘ కాపరిని కలిసి జరిగింది దాచకుండా చెప్పండి. లైసెన్సు ఉన్నవారైతే ఆయనే నోటీసు తీసుకుని, సంఘంలో వివాహ ప్రకటన చేసి, పెళ్లి జరిపిస్తారు. సంఘం ద్వారా వీలుకాకపోతే క్రైస్తవ వివాహ చట్టం కింద మ్యారేజ్ రిజిస్ట్రారు ముందు గాని, ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద గాని పెళ్లి చేసుకోవచ్చు. రెండో దారిలో ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు అవసరం. మీరు కాథలిక్కులైతే, రిజిస్ట్రారు ముందు మాత్రమే జరిగిన పెళ్లిని మీ సంఘం వివాహంగా అంగీకరించదు గనుక విచారణ గురువును ముందుగా సంప్రదించండి.

వీటన్నిటికంటే ముందు, గతంలో పెళ్లయిందా, అయితే కోర్టు విడాకులు ఇచ్చిందా అని ఆయనను అడగండి. సంఘ న్యాయస్థానం ఇచ్చిన రద్దు ఒక్కటే సరిపోదని, కోర్టు డిక్రీ లేకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదని 1996లో మాలీ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన అభ్యంతరం నిజంగా విశ్వాసం వల్లనే అయితే, 60వ సెక్షన్‌లోని ప్రమాణం చదివాక అది తొలగిపోవాలి. తొలగకపోతే కారణం ఏమిటో తెలుసుకోకుండా ఆ ఇంట్లో ఉండటం మీకు క్షేమం కాదు.

చివరగా ఒక జాగ్రత్త. ఏడాది క్రితమే పెళ్లి జరిగినట్టు పాత తేదీతో సర్టిఫికెట్ రాసిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వివాహం కోసం తప్పుడు ప్రమాణపత్రం ఇవ్వడం క్రైస్తవ వివాహ చట్టంలోని 66వ సెక్షన్ కింద శిక్షార్హం. మీ వివాహం చట్టప్రకారం జరిగిన రోజు నుంచే మొదలవుతుంది. సర్టిఫికెట్‌లో ఆ తేదీనే రాయించుకోండి.