కవర్ మీద వాళ్ల లోగో పెట్టి నేను తిన్న దెబ్బ

“సొంతంగా రాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అడ్వెంచర్‌ని పీడీఎఫ్ చేసి అమ్ముదామనుకుంటున్నాను. కింద క్రెడిట్ ఇస్తే కవర్ మీద లోగో పెట్టొచ్చా?” అని అడిగారు. పెట్టకండి. నేను పెట్టాను కాబట్టి చెప్తున్నాను. (తెలియనివాళ్లకు: నలుగురు కూర్చుని తలో పాత్ర వేసుకుని కథ నడిపే ఆట ఇది. అందులో ఆడేందుకు రాసిన కథే అడ్వెంచర్.)

2022లో మా ఆదివారం గ్యాంగ్ కోసం 24 పేజీల అడ్వెంచర్ రాశాను. ఊరి చెరువు తూములో ఏదో చేరుతుంది, నీళ్లు ఆగిపోతాయి, నారుమళ్లు ఎండిపోతుంటాయి. హీరోలు తూములోకి దిగాలి. కవర్ మా పిన్ని కొడుకు వేశాడు. పైన సగం పేజీ ఆ ఎర్ర డ్రాగన్ లోగోనే. నా పేరు అడుగున, వెతుక్కుంటే కనపడేంత. ఒక సైట్‌లో 99 రూపాయలకు పెట్టాం. మూడో రోజు పొద్దున్నే, నోట్లో బ్రష్ ఉండగా మెయిల్ వచ్చింది: వేరేవాళ్ల ట్రేడ్‌మార్క్ వాడారు, పేజీ తీసేశాం, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చేశాం అని. అప్పటికి అమ్ముడైనవి 11 కాపీలు, అందులో నాలుగు మా గ్యాంగ్‌వే! అయినా అమెరికా నుంచి లాయర్ ఫోన్ చేస్తాడేమోనని ఆ రోజంతా ఒకటే టెన్షన్.

అప్పుడు కూర్చుని చదివాను, ముందే చదవాల్సింది. ఇప్పుడు ఈ ఆటను నడిపే కంపెనీ విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వాళ్లకు ఫ్యాన్ కంటెంట్ పాలసీ అని ఒకటుంది. దాని ప్రకారం మన సరుకు ఉచితంగా ఇవ్వాలి, ఇది అనధికారికం అని వాళ్లు చెప్పిన మాటల్లోనే రాయాలి. విరాళాలు తీసుకోవచ్చు గానీ, డబ్బు కడితేనే చూపిస్తాననకూడదు. ఇంత చేసినా లోగో మాత్రం ఇవ్వరు. లోగో ఉందంటే అది కంపెనీ సరుకే అని కొనేవాడు అనుకుంటాడు కదా, వాళ్ల బాధ అదే.

అమ్మాలంటే ఇప్పుడు దారి సులువే. 2023 జనవరిలో ఎస్‌ఆర్‌డీ 5.1 అనే నియమాల పత్రాన్ని క్రెడిట్ ఇచ్చి ఎవరైనా వాడుకోగలిగే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలేశారు. అందులో ఇచ్చిన క్రెడిట్ వాక్యాన్ని అక్షరం మార్చకుండా పెట్టి, “ఫిఫ్త్ ఎడిషన్‌కు కంపాటిబుల్” అని, అంటే ఈ ఆట ఐదో ఎడిషన్ నియమాలతో ఆడుకోవచ్చని, రాసుకోవచ్చు. అంతకుముందు నడిచిన 2000 నాటి ఓపెన్ గేమ్ లైసెన్స్, అదే ఓజీఎల్‌లో అయితే, విడిగా ఒప్పందం లేకుండా వాళ్ల ట్రేడ్‌మార్క్ పేరు చెప్పి ఇది దానికి సరిపోతుందని రాయడం కూడా కుదరదు. మనవాళ్లు క్రియేటివ్ కామన్స్ అనగానే అంతా ఫ్రీ అనుకుంటారు. ఆ లైసెన్స్‌లో ట్రేడ్‌మార్కులు రావు.

ఇక ఈ క్రెడిట్ సంగతి. కింద వాళ్ల పేరు రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. యూట్యూబ్‌లో మొత్తం సినిమా పెట్టేసి కింద “కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు” అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హెల్మెట్ లేకుండా ట్రిపుల్స్ వెళ్తూ బండి వెనక “ట్రాఫిక్ రూల్స్ పాటించండి” అని స్టిక్కర్ అంటించినట్టు!

లోగో ఒక్కటే కాదు, నా తూములో ఉన్నది ఈ ఆటలోని బిహోల్డర్ అనే రాక్షసజీవి. నడుమ పెద్ద కన్ను, చుట్టూ కాడల చివర చిన్న కళ్లు, అచ్చంగా వాళ్లదే. ఓజీఎల్ కింద వదిలిన నియమాల పత్రంలోనే బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటి జీవులు మావి, ముట్టుకోవద్దని జాబితా ఇచ్చారు. ఏడుస్తూనే మార్చాను. కళ్లు తీసేసి, నాచు పట్టిన ఒక్క రెప్ప పెట్టాను. అది తెరుచుకుంటే నీళ్లు వెనక్కి పారతాయి. పేరు తూముకన్ను. మా గ్యాంగ్‌లో బిహోల్డర్‌ను చూసి ఎవరూ భయపడలేదు, ఎలా చంపాలో అందరికీ తెలుసు. తూముకన్ను దగ్గర మాత్రం గంటన్నర ఒడ్డునే కూర్చుని గొడవపడ్డారు.

ఈ ఆట మొదలుపెట్టిన టీఎస్‌ఆర్ కంపెనీకి కూడా ఈ అనుభవం ఉంది. 1970లలో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ హక్కుదారులు అభ్యంతరం చెబితే, ఆయన కథల్లోని జీవుల పేర్లు వాడకుండా హాబిట్‌ను హాఫ్‌లింగ్ అని, ఎంట్‌ను ట్రీయంట్ అని మార్చుకున్నారు. ఇవాళ హాఫ్‌లింగ్ అంటే ఎవరికైనా ఈ ఆటే గుర్తొస్తుంది.

రెండోసారి వేరే చోట పెట్టాను. కవర్ మీద చెరువు కట్ట, నా పేరు, కింద చిన్నగా “ఫిఫ్త్ ఎడిషన్‌కు కంపాటిబుల్”. ఇంతవరకు ఎవరూ తీసేయలేదు. డ్రాగన్ ఉన్న కవరే బాగుందని మా పిన్ని కొడుకు మాత్రం ఇప్పటికీ సాధిస్తుంటాడు.