గ్లాసు మీద మూత పెట్టారా?

పోయిన నెల ఈ పేజీలో నిద్ర పట్టని రాత్రుల గురించి నాలుగు ముక్కలు రాశాను. అప్పటినుంచి ఉత్తరాలూ, ఫోన్ మెసేజ్‌లూ ఆగడం లేదు. మందుల గురించి ఎవరూ అడగలేదు. అందరూ అడిగింది ఒకటే, రాత్రి పడుకునే ముందు ఏం కాచుకు తాగాలి అని. ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాదు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పి, ఇప్పుడు రాజమండ్రిలో మేడ మీద కుండీలు పెంచుకుంటున్న మనిషిని. కడియం నర్సరీలు పక్కనే కాబట్టి మొక్కలకి లోటు లేదు, వాటిని పెట్టడానికి చోటే లేదు.

ప్రశ్న: మేడం, తులసి, నిమ్మగడ్డి, సోంపు, శొంఠి అన్నీ గిన్నెలో వేసి పావుగంట మరిగించి తాగుతున్నానండి. వీడియోలో వాళ్ళు ఆహా ఓహో అంటున్నారు. నాకు చేదు తప్ప వాసనే రావడం లేదు. మా వారైతే "ఇది టీ కాదు, శిక్ష" అంటున్నారు. ఎక్కడ పొరపాటు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు రాయని మాట ఒకటి నేను చెప్పనా అమ్మా? అది మరుగుతున్నప్పుడు హాల్లో కూర్చున్నవాళ్ళు "ఏంటీ ఘుమఘుమలు" అని అడిగే ఉంటారు. గ్లాసులో ఉండాల్సిన వాసన అది. తులసిలోని యూజెనాల్ (లవంగంలో ఉండేదీ అదే), నిమ్మగడ్డిలోని సిట్రాల్, రెండూ ఆవిరితో పాటు ఎగిరిపోయే సరుకు. మూత లేకుండా పావుగంట మరిగిస్తే అవి ఇంటికి ధూపం వేసి పోతాయి. మీకు మిగిలేది ఆకు చేదు.

మన పాతవాళ్ళు ఈ తేడాకి పేర్లు కూడా పెట్టారు. వేరూ, బెరడూ నీళ్ళలో వేసి బాగా ఇగిరేదాకా కాస్తే ఆయుర్వేదంలో క్వాథం. మనం ఇంట్లో కషాయం అనేది దాన్నే. వేడినీళ్ళు పోసి, మూసిపెట్టి, వడగడితే ఫాంటం. చల్లటి నీళ్ళలో రాత్రంతా నానబెడితే హిమం. ఇంత చక్కటి పేర్లు పెట్టుకుని, ఇప్పుడు అన్నిటినీ "హెర్బల్ టీ" అని ఒకే గిన్నెలో పడేస్తున్నాం.

ఇక మీ గిన్నె సంగతి. ఇద్దరికి రెండు గ్లాసుల నీళ్ళు పెట్టండి. శొంఠి చిన్న ముక్క దంచి, అర చెంచా సోంపు నలిపి అందులో వేసి, సన్నసెగ మీద ఐదు నిమిషాలు కాగనివ్వండి. ఇవి గట్టి సరుకు కాబట్టి సెగ ఓర్చుకుంటాయి. ఆ తర్వాత స్టవ్ ఆపేయండి. ఆపాకనే ఆకులు వేయాలి, ముందు కాదు. నిమ్మగడ్డి రెండు ఆకులు చాలు. అంచులు వేళ్ళు కోస్తాయి, చేత్తో చీల్చకుండా కత్తెరతో కత్తిరించండి. తెల్లటి మొదలు దొరికితే రోకలితో ఒక్క దెబ్బ వేయండి. తులసి ఆకులు ఎనిమిదో పదో చిదిమి వేసి, వెంటనే మూత పెట్టేయండి. ఏడెనిమిది నిమిషాలు అటువైపు వెళ్ళొద్దు.

మూత తీసేటప్పుడు దాని లోపలివైపు ఓసారి చూడండి. సన్నటి బొట్లు పట్టి ఉంటాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే అసలు సరుకంతా అక్కడికే చేరిందని తెలుస్తుంది. వాటిని సింకులోకి కాదు, గిన్నెలోకే దులపండి. మా ఇంట్లో ఈ దులిపే పని మా మనవడిది. తాగడు గానీ, ఆ మూత ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకోడు.

మీ వారి శిక్ష తగ్గిందో లేదో మళ్ళీ రాయండి.

ప్రశ్న: చామంతి టీ తాగితే నిద్ర పడుతుందంటున్నారు. బతుకమ్మకీ, పూజలకీ తెచ్చిన చామంతులు మా ఇంట్లో బోలెడు మిగులుతాయి. ఆరబెట్టి వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: వద్దమ్మా. ఇక్కడ పేరు దగ్గరే తికమక ఉంది. డబ్బాల మీద చామొమైల్ అని రాసి అమ్మేది వేరే మొక్క. దాని పువ్వు మన గడ్డిచామంతి అంత చిన్నది. మధ్యలో పసుపుపచ్చ బుడిపె, చుట్టూ తెల్ల రేకులు. ఎండిన పువ్వు నలిపితే కాస్త ఆపిల్ పండు వాసన వస్తుంది. మనం దండ కట్టే చామంతి దానికి చుట్టం, అంతే. చైనాలో ఒక రకం చామంతితో టీ కాచుకుంటారన్నది నిజమే. కానీ వాళ్ళు అది తాగడానికని పెంచుతారు. మన మార్కెట్ చామంతిని పెంచేది దండలకి. పురుగు పట్టకుండా, రేకు వాడకుండా తోటలో ఎన్నిసార్లు మందు కొడతారో రైతుల్ని అడిగి చూడండి. దేవుడికి పెట్టొచ్చు, గ్లాసులో వద్దు.

చామొమైల్ కావాలంటే పొడి కాకుండా పువ్వు పువ్వుగా ఉన్నది కొనండి. పొడిలో ఏం కలిసిందో మనకి తెలీదు. గ్లాసుకి ఒక చెంచా నిండుగా పూలు వేసి, కాగిన నీళ్ళు పోసి, ఐదారు నిమిషాలు మూత పెట్టి వడగట్టండి. మరిగించొద్దు. నేనూ ఒక శీతాకాలం కుండీలో వేశాను. నాలుగు పూలు పూసింది గానీ, మా గోదావరి ఉక్కకి ఫిబ్రవరి దాటకుండానే మాడిపోయింది. మీ వైపు చలి ఎక్కువ కాబట్టి అక్టోబరులో విత్తనం చల్లి చూడొచ్చు.

ఇంకొక్క మాట. పొలం గట్ల మీద వయ్యారిభామ మొక్క తగిలితే ఒళ్ళు దద్దుర్లెక్కేవాళ్ళుంటారు. చామంతి, చామొమైల్, వయ్యారిభామ మూడూ ఒకే కుటుంబం. అలాంటివాళ్ళు ఈ టీ జోలికి పోకపోవడమే మంచిది. రక్తం పల్చబడటానికి మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా తాగొద్దు.

ప్రశ్న: రిటైరయ్యాక కాఫీ మానేసి, ఆరోగ్యం కోసం రాత్రి పది గంటలకి గ్రీన్ టీ తాగుతున్నాను. నిద్ర ఇంకా తగ్గింది. ఎందుకంటారు?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అది కూడా టీయే కాబట్టి సార్. గ్రీన్ టీ, మామూలు టీ ఒకే మొక్క ఆకు. రెండిట్లోనూ కెఫీన్ ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే చాలామందికి ఐదారు గంటలు పడుతుంది. మీరు పడుకున్నా అది పడుకోదు. గ్రీన్ టీ పొద్దున్నకి మార్చండి. రాత్రికి సోంపు నీళ్ళు చాలు, అదీ చిన్న గ్లాసు, ఎనిమిదిన్నరకే. పదింటికి పెద్ద గ్లాసు ఏది తాగినా మన వయసులో రాత్రి రెండుసార్లు లేవాలి కదా.

ప్రశ్న: ఆంటీ, నేను డాలస్‌లో ఉంటాను. ఆఫీస్ టెన్షన్ ఎక్కువై నిద్ర పట్టడం లేదంటే అమ్మ పార్శిల్ పంపింది. అశ్వగంధ, అతిమధురం, "బ్రాహ్మి" అని రాసిన ఆకుల పొడి ఉన్నాయి. మూడూ కలిపి కాచుకోమంటోంది. నాకు థైరాయిడ్ మాత్ర ఉంది. మా అత్తగారు కూడా నాతో తాగుతానంటున్నారు, ఆవిడకి బీపీ.
– ఒక అమ్మాయి, డాలస్

జవాబు: మాత్రల సంగతి ముందే రాశావు, మంచి పని చేశావు తల్లీ. చాలామంది ఆ ముక్క చివర్లో, అదీ అడిగితే చెబుతారు.

అతిమధురం ముందు పక్కన పెట్టు. నాలిక్కి తియ్యగా, గొంతుకి హాయిగా ఉంటుంది కాబట్టి దానివల్ల చెడు జరుగుతుందని ఎవరికీ అనిపించదు. కానీ రోజూ తాగితే బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది, కాళ్ళకి నీరు చేరుతుంది. మీ అత్తగారికి అసలు ఇవ్వొద్దు. నువ్వు కూడా గొంతు నొప్పి చేసినప్పుడు చిన్న ముక్క బుగ్గన పెట్టుకోవడానికి దాచుకో, చాలు.

అశ్వగంధ అంటే మన పెన్నేరుగడ్డ. ఇది వేరు, పైన చెప్పిన ఫాంటం పద్ధతి దీనికి పనికిరాదు, కాయాల్సిందే. కానీ నువ్వు కాయకు. థైరాయిడ్ హార్మోన్లని అది పెంచే అవకాశం ఉంది. నీ మాత్ర డోసు ఒక లెక్క ప్రకారం రాస్తారు, ఆ లెక్క తప్పుతుంది. గర్భం కోసం చూస్తున్నా, గర్భంతో ఉన్నా అసలే వద్దు. అమ్మ పంపిందని మొహమాటపడకుండా మీ డాక్టర్‌కి పొట్లం చూపించి అడుగు.

ఇక ఆ "బ్రాహ్మి". అది ఏ మొక్కో పొడి చూసి నేనూ చెప్పలేను, అమ్మిన కొట్టువాడూ చెప్పలేడు. బురద గట్ల మీద పాకుతూ, గుండ్రటి ఆకులతో ఉండేది మన సరస్వతి ఆకు. చిన్న మందపాటి ఆకులతో, తెల్లటి పూలతో నీటి అంచున పెరిగేది ఇంకోటి. బ్రాహ్మి పేరుతో రెండిటినీ అమ్ముతారు. మీ అమ్మగారింటి దగ్గర సరస్వతి ఆకు దొరికితే, ఈసారి ఆవిడనే పచ్చడి చేసుకోమను.

మరి నీకు ఏం మిగిలింది? పుదీనా. డాలస్‌లో ఏ కొట్లోనైనా కట్ట దొరుకుతుంది. పది ఆకులు, వేడినీళ్ళు, మూత. ఛాతీలో మంట ఉంటే మాత్రం పుదీనా దాన్ని పెంచుతుంది, అప్పుడు సోంపు పెట్టుకో. ఆఫీస్ టెన్షన్‌కి నా దగ్గర ఆకు లేదు. గ్లాసు చేతిలో ఉన్నంతసేపు ఫోన్ వేరే గదిలో పెట్టి చూడు.

(పార్శిళ్ళు కట్టే అమ్మలకి పనిలో పనిగా ఒక మాట. దుబాయ్ వెళ్ళే పెట్టెలో గసగసాలు పెట్టకండి. అక్కడ అవి నిషేధం. కూరలోకని చెప్పినా వినరు.)

ప్రశ్న: పాలలో జాజికాయ వేసుకుంటే బాగా నిద్ర పడుతుందట. ఎంత వేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సాన మీద రెండు చుట్లు తిప్పితే ఎంత గంధం వస్తుందో అంత. పొడి అయితే రెండు వేళ్ళకి అంటినంత. అంతకి మించి వేయకండి. ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, మా మరిది ఒకసారి ఎవరో చెప్పారని కాయ మొత్తం పొడి కొట్టి పాలలో కలుపుకున్నాడు. తాగిన గంటకి "ఏమీ లేదే" అన్నాడు. తెల్లవారుజామున లేచేసరికి నోరు పిడచకట్టుకుపోయింది, గుండె దడదడ, గోడలు కదులుతున్నట్టుందన్నాడు. ఆస్పత్రిలో డాక్టర్ ముందు నమ్మలేదు, ఇంకేదో తాగాడనుకున్నారు. ఒక రోజంతా అలాగే ఉన్నాడు. జాజికాయలోని మిరిస్టిసిన్ అనే పదార్థం చేసే పని అది. నెమ్మదిగా ఎక్కుతుంది, అందుకే ఏమీ కాలేదనుకుని కొందరు ఇంకాస్త వేసుకుంటారు. వంటింటి డబ్బాలో ఉన్నదల్లా చెంచాలతో వేసేది కాదు. పిల్లలకైతే ఆ రెండు చుట్లు కూడా వద్దు.

ప్రశ్న: శంఖుపువ్వులతో మా పాప నీలం రంగు టీ చేసింది. నిమ్మరసం పిండితే ఊదా రంగు వచ్చింది! ఇది మెదడుకి చల్లదనం, నిద్ర ఇస్తుందంటోంది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రంగు మారడం నిజం. పువ్వులోని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం పులుపు తగిలితే అలా మారుతుంది. ల్యాబ్‌లో లిట్మస్ కాగితం చేసే పని మీ పాప గ్లాసులో చేసింది, శభాష్ అనండి. నిద్ర సంగతి అంటారా, అది పేరు తెచ్చిన తంటా. శంఖపుష్పి అని మెదడుకి మంచిదని చెప్పే మూలిక ఉంది. ఉత్తరాదిన ఆ పేరుతో వాడే మొక్క వేరు. వినాయకచవితికి "విష్ణుక్రాంత పత్రం పూజయామి" అంటామే, ఆ చిన్న నీలిపూల మొక్కనీ కొందరు శంఖపుష్పి అంటారు. మన పందిరి మీది శంఖుపువ్వునీ అంటారు. ఒకదాని గొప్ప ఇంకొకదాని ఖాతాలో పడిపోయింది. పువ్వుకి రుచి ఏమీ ఉండదు కాబట్టి కాస్త నిమ్మగడ్డి తోడు వేయండి. రాగి గ్లాసులో నిమ్మరసం పిండకండి, గాజుదే వాడండి. రంగు కూడా కనబడుతుంది.

ప్రశ్న: ఏడు నెలల బాబు రాత్రి ఏడుస్తుంటే వాము నీళ్ళలో తేనె కలిపి ఇమ్మంటున్నారు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు. బొటులిజం అని ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వాము నీళ్ళ సంగతీ, ఏడుపు సంగతీ పిల్లల డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: ఇవన్నీ నేను కొని తెస్తుంటే మా అత్తగారు నవ్వుతున్నారు. "మా కాలంలో సాయంత్రం ధనియాల కాఫీ తాగేవాళ్ళం, కంటినిండా నిద్రపోయేవాళ్ళం" అంటారు. అసలు ఆ కాఫీ ఏమిటండి?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఆవిడ నవ్వడంలో తప్పు లేదు. ధనియాల కాఫీలో కాఫీ గింజ ఉండదు. సాయంత్రం అసలు కాఫీ కడుపులో పడదు కాబట్టే ఆవిడకి నిద్ర పట్టి ఉంటుంది.

నాలుగు చెంచాల ధనియాలు సన్నసెగ మీద వేయించండి. రంగు కాస్త ముదిరి, వాసన మారగానే దించాలి. మాడితే పారేయాల్సిందే. అర చెంచా జీలకర్ర, రెండు ఏలకులు, చిటికెడు శొంఠిపొడి చేర్చి బరకగా పొడి కొట్టి సీసాలో పోసుకోండి. పదిహేను రోజులకి సరిపడానే చేసుకోండి, తర్వాత వాసన పోతుంది. గ్లాసు నీళ్ళకి చెంచాన్నర పొడి వేసి మూడు నిమిషాలు కాచి, మూత పెట్టి కాసేపు ఉంచి వడగట్టండి. కాచిన పాలు కలపండి. బెల్లం మాత్రం స్టవ్ ఆపి, కాస్త వేడి తగ్గాక వేయాలి, లేకపోతే పాలు విరుగుతాయి. నాకు రెండుసార్లు విరిగాయి.

కొలతలు ఇలా నేను చెప్పానని అనకుండా, మీ అత్తగారినే ఒకసారి కాచి చూపించమనండి. ఆవిడ వేసే దినుసు ఇంకేదైనా ఉంటే నాకు రాయండి.